సిల్వర్ ఘోస్ట్, ఘోస్ట్: నిజాం సింహాసన కారు, నేటి రోల్స్ రాయిస్

రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1906 నుంచి 1926 వరకు తయారైన ఆరు సిలిండర్ల కారు. దాని పేరులో సగం తీసుకుని అదే సంస్థ 2009లో విడుదల చేసిన నాలుగు తలుపుల విలాస కారు ఘోస్ట్. పాత కారు నమూనాల్లో తెలుగు నేలకు బాగా దగ్గరైనది హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి సింహాసన కారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేయించమన్న ఈ బండి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. కొత్త ఘోస్ట్ లాంటి కార్లు తిరిగే దారుల్లో ఒకటి నగరానికి పడమరగా మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే రోడ్డు. నిజాం కాలపు మర్రిచెట్లు, రెండు జలాశయాలు, ఫామ్‌హౌసులు ఈ దారి గుర్తులు.

చప్పుడు లేని ఇంజను, కుదుపు లేని నడక, వెనక సీట్లో కూర్చున్న మనిషికి అలసట లేని ప్రయాణం అన్నవి రెండు కార్లకూ లక్ష్యాలే. ఆ లక్ష్యాలను అందుకున్న పద్ధతి మాత్రం వందేళ్ళలో పూర్తిగా మారింది. సిల్వర్ ఘోస్ట్ వాటిని లోహపు పనితనంతోనూ డ్రైవరు నేర్పుతోనూ సాధించింది. ఘోస్ట్ వాటిని కంప్యూటర్లతో, కెమెరాలతో, గాలి స్ప్రింగులతో, వంద కిలోలకు మించిన శబ్దనిరోధక సామగ్రితో సాధిస్తోంది. వేగం, మరమ్మతు, మన్నిక, ధర వంటి మిగతా తేడాలన్నిటికీ ఈ మార్పే మూలం.

కాల విభజన

పాత కార్లను అభిమానులు కాలాన్ని బట్టి వర్గాలు చేస్తారు. బ్రిటిష్ సంప్రదాయంలో 1919 నుంచి 1930 వరకు తయారైనవి వింటేజ్ కార్లు. అంతకు ముందువి వెటరన్, ఎడ్వర్డియన్ వర్గాలకు చెందుతాయి. ఈ లెక్కన 1912 నాటి సింహాసన కారు ఎడ్వర్డియన్ కారు. క్లాసిక్ అనే మాటను సాధారణంగా తర్వాతి దశాబ్దాల కార్లకు వాడతారు. వాడుకలో మాత్రం విలువ తగ్గని పాత కారు ఏదైనా క్లాసిక్కే.

భారతదేశంలో చట్టం ఇంత లోతుకు పోదు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు తెచ్చిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలన్నీ వింటేజ్ వాహనాలే. చట్రం, ఇంజను, బాడీ గణనీయంగా మార్చిన బండికి ఈ గుర్తింపు ఉండదు.

సిల్వర్ ఘోస్ట్ పుట్టుక

ఇంజనీరు హెన్రీ రాయిస్, కార్ల వ్యాపారి చార్లెస్ రోల్స్ 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్‌లో తొలిసారి కలుసుకున్నారు. రెండేళ్ళకే సంస్థ 40/50 అశ్వశక్తి అనే కొత్త నమూనాను లండన్ ప్రదర్శనలో చూపింది. ఈ నమూనాకు చెందిన ఒక బండికి సంస్థ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ 1907లో వెండి రంగు వేయించి, వెండి పూత బిగింపులు పెట్టించి, సిల్వర్ ఘోస్ట్ అనే పేరుపలక తగిలించాడు. దెయ్యం వచ్చిపోయినంత చప్పుడు కూడా చేయదని ఆ పేరుకు అర్థం. కాలక్రమంలో ఆ ఒక్క బండి పేరే మొత్తం నమూనాకు స్థిరపడింది.

అదే ఏడాది ఆ బండిని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో లండన్, గ్లాస్గోల మధ్య పదేపదే తిప్పారు. ఆదివారాలు మినహా ఆగకుండా 14,371 మైళ్ళు, అంటే 23,000 కిలోమీటర్లకు పైగా నడిచి అది అప్పటి రికార్డును దాటింది. తర్వాత భాగాలన్నీ విప్పి అరుగుదలను కొలిచి చూస్తే, మళ్ళీ కొత్తదానిలా చేయడానికి రెండు పౌన్లకు కాస్త ఎక్కువ ఖర్చుతో సరిపోయింది. గంటకు ఎంత వేగం అన్నదానికన్నా ఎన్నాళ్ళు చెడిపోకుండా నడుస్తుందన్నదే విలాసానికి కొలత అని సంస్థ ఆ పరీక్షతో చాటుకుంది.

భారతదేశానికి ఈ నమూనా 1908లో వచ్చింది. పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్ అని పేరు పెట్టిన సిల్వర్ ఘోస్ట్ బొంబాయి, కొల్హాపూర్‌ల మధ్య కనుమల దారుల్లో 620 మైళ్ళ పరీక్షలో నెగ్గింది. తర్వాత దాన్ని గ్వాలియర్ మహారాజు కొన్నారు. ఎండ, దుమ్ము, ఘాట్ రోడ్లు ఉన్న దేశంలో ఈ బండి నిలబడగలదని తేలాక సంస్థానాధీశులు దానికి పెద్ద ఖాతాదారులయ్యారు.

హైదరాబాద్ సింహాసన కారు

మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో మరణించాడు. ఆయన కోరిన కారు ఇంగ్లండ్‌లో తయారై వచ్చేనాటికి గద్దె మీద ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నాడు. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ సంస్థ చట్రం, ఇంజను, గేర్లపెట్టె, చక్రాలు మాత్రమే తయారుచేసి ఇచ్చేది. దానిమీద బాడీ కట్టేది వేరే సంస్థ. గుర్రపు బగ్గీలు కట్టిన అనుభవమున్న వడ్రంగులు, తోలు పనివాళ్ళు, రంగు పనివాళ్ళు అక్కడ ఉండేవారు. నిజాం కారుకు బాడీ కట్టింది లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ.

బండి రంగు పసుపు. అసఫ్ జాహీల జెండా రంగూ అదే. వెనక భాగంలో అందరి సీట్ల కన్నా ఎత్తుగా నిజాం కోసం సింహాసనం లాంటి ఆసనం అమర్చారు. దాని ముందు పరివారం కూర్చోడానికి చిన్న సీట్లు ఉన్నాయి. పైకప్పు గుమ్మటంలా ఉంటుంది. డ్రైవరు చోటు ప్రభువు గదికి విడిగా ముందు ఉంటుంది. ఊరేగింపులో ఏనుగు అంబారీ చేసిన పనిని ఈ కారు చేయాలి కాబట్టి, లోపలి మనిషి బయటి జనానికి స్పష్టంగా కనపడేలా దాన్ని కట్టారు.

ఇది దూర ప్రయాణాల బండి కాదు. దర్బారు సందర్భాల్లోనే బయటికి తీసేవారు కనక దశాబ్దాల పాటు నిజాం దగ్గరున్నా అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. రాచరికం ముగిశాక చాలాకాలం మూలన పడి ఉన్న బండిని ఇరవై ఒకటో శతాబ్దంలో బాగుచేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల కోసం ఉంచారు. 2005 నుంచి ప్రజలు చూడడానికి తెరిచిన ఆ ప్యాలెస్ సంరక్షణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది.

నేటి ఘోస్ట్

రోల్స్ రాయిస్ కార్ల తయారీ హక్కు బీఎండబ్ల్యూ చేతికి వచ్చాక 2003లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో కొత్త కర్మాగారం మొదలైంది. అక్కడ తయారైన మొదటి కారు ఫాంటమ్. దానికన్నా కాస్త చిన్నదిగా, యజమాని తానే నడుపుకోడానికి కూడా వీలుగా 2009లో ఘోస్ట్ వచ్చింది. మొదటి తరం ఘోస్ట్ పునాది బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో సంబంధమున్నది. 2020లో వచ్చిన రెండో తరానికి మాత్రం రోల్స్ రాయిస్ తన కార్లకోసమే రూపొందించిన అల్యూమినియం చట్రాన్ని వాడారు. 2024లో ముందు దీపాలు, లోపలి తెరలు మార్చి దానికి కొత్త రూపం ఇచ్చారు.

రెండు కార్ల ముఖ్యాంశాలు ఈ విధంగా ఉన్నాయి:

| అంశం | సిల్వర్ ఘోస్ట్ | ఘోస్ట్ (రెండో తరం) |
|---|---|---|
| తయారీ కాలం | 1906–1926 | 2020 నుంచి |
| సిలిండర్లు | ఒకే వరుసలో 6 | వి ఆకారంలో 12 |
| ఇంజను పరిమాణం | 7,036 సీసీ. తర్వాత 7,428 సీసీ | 6,749 సీసీ, రెండు టర్బోలు |
| శక్తి | మొదట్లో 48 అశ్వశక్తి | 563 అశ్వశక్తి |
| గేర్లు | 4. 1909 నుంచి 3. 1913 నుంచి మళ్ళీ 4 | 8, ఆటోమేటిక్ |
| ఇంజను శక్తి అందే చక్రాలు | వెనక రెండు | నాలుగూ |
| స్టార్టు | హ్యాండిల్. 1919 నుంచి విద్యుత్తు | మీట |
| బ్రేకులు | వెనక చక్రాలకే. 1924 నుంచి నాలుగింటికీ | నాలుగు డిస్కులు, కంప్యూటర్ నియంత్రణ |

ఇంజను

సిల్వర్ ఘోస్ట్ రోజుల్లో ఆరు సిలిండర్ల ఇంజన్లకు ఒక జబ్బు ఉండేది. పొడవైన క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు మెలిపడి వణికేది. ఒక వేగం దగ్గర ఆ వణుకు ఎక్కువై షాఫ్ట్ విరిగేది కూడా. రాయిస్ ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోయించి, క్రాంక్‌షాఫ్ట్‌ను లావుగా చేసి, దాన్ని ఏడు బేరింగుల మీద నిలబెట్టి, ఒత్తిడితో నూనె అందేలా చేశాడు. అరుగుదల తగ్గింది, వణుకు అదుపులోకి వచ్చింది. ప్రతి సిలిండరుకు రెండు స్పార్కు ప్లగ్గులు పెట్టి ఒకదానికి మాగ్నెటో నుంచి, మరోదానికి కాయిల్ నుంచి నిప్పురవ్వ అందించారు. ఒక ఏర్పాటు చెడినా రెండోదానితో బండి ఇల్లు చేరేది.

ఈ ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి దాదాపు మూడుకు ఒకటి మాత్రమే. ఆ కాలపు నాసిరకం పెట్రోలుకు అంతకు మించి నొక్కితే ఇంజను కొట్టుకునేది. శక్తి తక్కువైనా తక్కువ వేగంలోనే గట్టి లాగుడు ఉండడం దాని బలం. 1911లో ఒక సిల్వర్ ఘోస్ట్‌ను లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేరులోనే నడిపారు. ఆ ప్రయాణంలో అది గాలనుకు 24.32 మైళ్ళు, అంటే లీటరుకు సుమారు 8.6 కిలోమీటర్లు ఇచ్చింది. అదే బండి బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 78.2 మైళ్ళు, అంటే దాదాపు 126 కిలోమీటర్ల వేగం అందుకుంది.

ఘోస్ట్ ఇంజను పరిమాణం పాతదానికన్నా కొంచెం చిన్నది, శక్తి పది రెట్లకు పైగా ఎక్కువ. సిలిండర్లలోకి గాలిని బలవంతాన తోసే టర్బోలు, నేరుగా లోపలికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, క్షణక్షణం లెక్క కట్టే కంప్యూటర్ దీనికి కారణం. 850 న్యూటన్ మీటర్ల గరిష్ఠ లాగుడు నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే అందుతుంది. కింది వేగంలోనే బలం ఉండాలన్న రాయిస్ సూత్రం ఇక్కడా కనపడుతుంది. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 4.8 సెకన్లు పడుతుంది. గరిష్ఠ వేగాన్ని సంస్థే 250 కిలోమీటర్ల దగ్గర కట్టడి చేసింది. ఇంధనం విషయంలో మాత్రం ముందంజ తక్కువ. దాదాపు రెండున్నర టన్నుల బరువున్న ఘోస్ట్ యూరప్ ప్రమాణ పరీక్షల్లో లీటరుకు సుమారు ఆరున్నర కిలోమీటర్లే ఇస్తుంది. ఎడిన్‌బరో పరుగు తేలికపాటి బాడీతో, ఒక పరీక్ష కోసం జరిగింది కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. అయినా ఇంజను విద్యలో వందేళ్ళకు వచ్చిన లాభంలో ఎక్కువ భాగం బరువుకు, వేగానికి, సౌకర్యాలకు ఖర్చయిందని అవి సూచిస్తాయి.

నడిపే పని

సిల్వర్ ఘోస్ట్ డ్రైవరు సగం మెకానిక్కు. బయల్దేరే ముందు నూనె పోయాల్సిన చోట్లన్నీ చూసి నూనె పోయాలి. చేతిపంపు కొట్టి పెట్రోలు ట్యాంకులో గాలి ఒత్తిడి పెంచితే ఇంధనం ఇంజనుకు చేరుతుంది. స్టీరింగు దగ్గరి మీటతో నిప్పురవ్వ పడే సమయాన్ని సరిచేసి, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. ఇంజను వెచ్చగా ఉంటే మీట కదిపినంత మాత్రాన మేల్కొనడం ఈ బండికున్న మంచి గుణాల్లో ఒకటి. వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు కూడా దీనికి ఉంది. నేటి క్రూయిజ్ కంట్రోల్‌కు అది పూర్వరూపం.

గేరు మార్చడంలో అసలు నేర్పు బయటపడుతుంది. పళ్ళ చక్రాల వేగాలు కలిసేదాకా ఆగి, చెవితో విని, క్లచ్చు తొక్కి మార్చాలి. తొందరపడితే గేర్లు కరకరలాడి వెనక కూర్చున్న ప్రభువుకు వినపడుతుంది. 1912లో ఆల్ప్స్ పర్వతాల పోటీలో మూడు గేర్ల సిల్వర్ ఘోస్ట్ ఒకటి నిటారు చడావు ఎక్కలేక ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది నాలుగు గేర్లపెట్టె వచ్చింది.

ఘోస్ట్‌లో ఈ పనులేవీ లేవు. ఎనిమిది గేర్ల పెట్టె ఉపగ్రహం ద్వారా కారు ఉన్న చోటును, ముందున్న మలుపును తెలుసుకుని తగిన గేరును ముందుగానే సిద్ధం చేస్తుంది. ముందు చక్రాలతో పాటు వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరగడం వల్ల ఐదున్నర మీటర్ల పొడవున్న బండి ఇరుకు మలుపుల్లో సులువుగా ఒదుగుతుంది. డ్రైవరు కునుకుతున్నాడని అనుమానం వస్తే హెచ్చరిస్తుంది. పాత డ్రైవరు చెవి, చెయ్యి, అనుభవం చేసిన పనిని ఇక్కడ సెన్సర్లు చేస్తాయి.

బ్రేకుల తేడా ప్రాణాలకు సంబంధించింది. 1924కు ముందటి సిల్వర్ ఘోస్ట్‌ను ఆపే భారమంతా వెనక చక్రాలదే. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. వెనక చక్రాల పట్టు సరిగ్గా అప్పుడే తగ్గుతుంది. అందుకే చాలా ముందునుంచే వేగం తగ్గించుకుంటూ రావాలి. ఘోస్ట్‌లో నాలుగు చక్రాల డిస్కు బ్రేకుల మీద కంప్యూటర్ నిఘా ఉంటుంది. ఏ చక్రం బిగుసుకుపోబోతున్నా దాని ఒత్తిడిని అది తగ్గిస్తుంది.

చట్రం, స్ప్రింగులు, నిశ్శబ్దం

సిల్వర్ ఘోస్ట్ చట్రం నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం. ముందూ వెనకా ఇరుసులు కమాన్ కట్టల మీద ఆనుతాయి. వెనక కమాన్ల అమరికను ఇరవై ఏళ్ళ కాలంలో సంస్థ పలుమార్లు మార్చి మెరుగుపరిచింది. పెద్ద చక్రాలు, పొడవైన చట్రం, నెమ్మది వేగం కలిసి గతుకుల్ని మింగేవి. నిశ్శబ్దం మాత్రం భాగాల అమరికలోని కచ్చితత్వం నుంచి వచ్చింది. రెండు భాగాల మధ్య సందు తగ్గితే టకటకలు తగ్గుతాయి. పళ్ళ చక్రాలను ఒక్కొక్కటిగా సానపట్టి సరిచేసేవారు.

ఘోస్ట్‌లో గాలి స్ప్రింగుల మీద అల్యూమినియం చట్రం కూర్చుంటుంది. అద్దం వెనకున్న జంట కెమెరా రోడ్డును ముందుగా చదివి, గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా రాబోయే గతుకుకు స్ప్రింగులను సిద్ధం చేస్తుంది. ముందు సస్పెన్షన్ పైన అదనంగా మరో డ్యాంపరు ఉంది. చట్రంలోనూ, తలుపుల్లోనూ, పైకప్పులోనూ, టైర్లలోనూ వంద కిలోలకు పైగా శబ్దనిరోధక సామగ్రి నింపారు. అద్దాలకు రెండు పొరలు. తయారీదశలో లోపల మరీ నిశ్శబ్దమైతే మనిషికి తికమకగా ఉంటుందని గమనించి, భాగాల కంపనాలను సర్ది ఒక సన్నని గుసగుస లాంటి శబ్దాన్ని మిగిల్చారు. రాయిస్ శబ్దాన్ని పుట్టనివ్వకుండా చూశాడు. నేటి ఇంజనీర్లు పుట్టిన శబ్దాన్ని లోపలికి రానివ్వకుండా అడ్డుకుంటున్నారు.

మొయినాబాద్–చేవెళ్ల రోడ్డు

రెండు కాలాల కార్లను పోల్చడానికి ఈ దారి అన్ని విధాలా అనువైనది. నగరం అంచున పోలీసు అకాడమీ దగ్గరున్న అప్పా జంక్షన్ నుంచి అజీజ్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల భాగం ఇది. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డుగా జనానికి తెలిసిన 163వ జాతీయ రహదారిలో ఇది ఒక తునక. రోడ్డుకు ఉత్తరాన ఉస్మాన్ సాగర్, దక్షిణాన హిమాయత్ సాగర్ ఉన్నాయి. 1908 మూసీ వరదల తర్వాత నగర రక్షణకూ, తాగునీటికీ కట్టిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయింది. సింహాసన కారును అందుకున్న ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలోనే రెండూ వెలిశాయి.

జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ నంబరు జీవో మొయినాబాద్, చేవెళ్ల సహా చుట్టుపక్కల మండలాల్లో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. పరిశ్రమలు, పెద్ద భవనాలు రాకుండా ఆగాయి. పొలాలు, కూరగాయల తోటలు, పూలతోటలు మిగిలాయి. వాటి మధ్య నగర సంపన్నుల ఫామ్‌హౌసులు వెలిశాయి. వారాంతాల్లో ఖరీదైన కార్లు ఇటు ఎక్కువగా కనపడడానికి ఇదొక కారణం. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి వచ్చే భక్తుల రద్దీ వేరు.

రోడ్డుకు రెండువైపులా ఉన్న వందల మర్రిచెట్లు నిజాం కాలంలో నాటినవి. కాలినడకన, ఎడ్లబండ్ల మీద, తొలినాటి మోటార్ల మీద పోయేవాళ్ళకు నీడ కోసం పెంచిన చెట్లవి. పైకప్పు సగమే ఉన్న, చల్లగాలి యంత్రం లేని కారుకు ఆ నీడ అవసరం. సిల్వర్ ఘోస్ట్ లాంటి బండికి ఈ దారి సహజమైన వేగం గంటకు నలభై, యాభై కిలోమీటర్లు. ఎత్తైన సీటు నుంచి డ్రైవరుకు దూరం కనపడుతుంది. సన్నని టైర్లు, ఇరుకు బాడీ చెట్ల మధ్య ఇబ్బంది పడవు. రాత్రిళ్ళు మాత్రం ఎసిటలీన్ వాయువు దీపాల వెలుగు కొద్ది గజాలకే పరిమితం.

ఘోస్ట్‌కు ఈ దారి మరో రకం పరీక్ష. దాదాపు రెండు మీటర్ల వెడల్పున్న బండి రెండు వరుసల రోడ్డుమీద ఎదురొచ్చే లారీల మధ్య, చెట్ల మొదళ్ళ పక్కన జాగ్రత్తగా సాగాలి. నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బి, ఎండాకాలం బీటలు వారి తారు పొరను ఎగుడుదిగుడు చేస్తుంది. రోడ్డును ముందే చదివే కెమెరా, గాలి స్ప్రింగులు పనికొచ్చే చోటు ఇలాంటిదే. 600 మీటర్లకు పైగా వెలుగు పంపే లేజర్ దీపాలు, చీకట్లో మనుషులను, పశువులను గుర్తించి హెచ్చరించే ఏర్పాటు ఊళ్ళ మధ్యగా పోయే రహదారిలో చాలా విలువైనవి. అయితే కారు ఎంత తెలివైనదైనా రోడ్డు లోపాన్ని పూర్తిగా పూడ్చలేదు. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఇరవై మంది దాకా చనిపోయారు. రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్న డిమాండు దానితో మరింత బలపడింది. విస్తరణలో మర్రిచెట్లు పోకూడదని పర్యావరణ ప్రేమికులు అంతకుముందే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. వేగం, నీడ రెండూ దక్కేలా దారిని తీర్చడం ఈ ప్రాంతానికి ముఖ్యమైన పని.

లోపలి లోకం

సింహాసన కారు లోపలి ఆసనం ప్రజలకు కనపడడానికి ఉద్దేశించింది. ఎత్తు, పసుపు రంగు, గుమ్మటం అన్నీ ఆ పనికే. హోదా అంటే అందరి కళ్ళముందూ కూర్చోవడం. ఘోస్ట్ వెనక సీటు అందుకు పూర్తిగా వ్యతిరేకం. వెనక స్తంభం లావుగా ఉండి తల కనపడకుండా చేస్తుంది. తలుపు వెనకవైపు కీలుతో తెరుచుకుని, మీట నొక్కితే దానంతటదే మూసుకుంటుంది. నేడు హోదా అంటే ఇతరుల కళ్ళకు అందకుండా ఉండడం. రెండో తరం ఘోస్ట్‌లో సంస్థ ఆడంబరాన్ని తగ్గించి, అనవసరపు గీతలు, అలంకారాలు తీసేసింది. లోకప్పులో సన్నని గాజు తీగలతో నక్షత్రాల్లా మెరిసే వెలుగును అమర్చుకునే వీలుంది. ఆ తీగలను చేత్తోనే ఒక్కొక్కటిగా గుచ్చుతారు. తోలు, చెక్క పని కూడా చేతిపనే. పాత బార్కర్ వర్క్‌షాపు వారసత్వం సూటిగా కొనసాగుతున్నది ఇక్కడే.

బానెట్టు మీది బొమ్మ రెండు కాలాలనూ కలిపే మరో గుర్తు. శిల్పి చార్లెస్ సైక్స్ రూపొందించిన స్పిరిట్ ఆఫ్ ఎక్స్‌టసీ 1911లో వచ్చింది. సింహాసన కారు కాలానికి అది సరికొత్త అలంకారం. ఘోస్ట్‌లో ఆ బొమ్మ మీట నొక్కితే లోపలికి దిగిపోతుంది.

ధర, మరమ్మతు, చట్టం

1910 ప్రాంతంలో సిల్వర్ ఘోస్ట్ చట్రం ధర 985 పౌన్లు. బాడీ ఖర్చు వేరు. కొనేవాడు మొదట చట్రం కొని, తర్వాత బాడీ కట్టేవాళ్ళతో బేరం చేసుకునేవాడు. 2020లో భారత్‌కు వచ్చిన రెండో తరం ఘోస్ట్ షోరూమ్ ధర 6.95 కోట్ల రూపాయల దగ్గర మొదలైంది. రంగు, తోలు, చెక్క, కుట్టుపని వంటివి కొనేవారి ఇష్టానికి మార్చేకొద్దీ అది పెరుగుతుంది. పాత కాలపు బాడీ బేరం ఇప్పుడు ఒకే సంస్థ గడపలో జరుగుతోంది.

మరమ్మతులో పాతదానిదే పైచేయి. సిల్వర్ ఘోస్ట్‌లో ప్రతి భాగాన్నీ విప్పవచ్చు, కొలవవచ్చు, అరిగితే లేత్ మీద కొత్తది చెక్కించవచ్చు. పోతపోసే వాడు, కమ్మరి, వడ్రంగి, తోలు పనివాడు ఉన్నంతకాలం అది నడుస్తుంది. వందేళ్ళ తర్వాత కూడా ప్రపంచవ్యాప్తంగా సిల్వర్ ఘోస్టులు రోడ్డెక్కుతున్నాయంటే కారణం ఇదే. ఘోస్ట్ ప్రాణం సాఫ్ట్‌వేరులో, చిప్పుల్లో ఉంది. సంస్థ పరికరాలు, విడిభాగాలు అందినంతకాలం దానికి ఢోకా లేదు. అవి ఆగిన రోజున నేర్పున్న మెకానిక్కు చేయగలిగింది తక్కువ.

పాత కారు యజమాని చట్టాన్నీ చూసుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనానికి రాష్ట్ర సంకేతం తర్వాత వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయల రుసుము. గడువు పదేళ్ళు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటి పనులకే దాన్ని రోడ్డెక్కించాలి. రోజువారీ తిరుగుడుకూ, వ్యాపారానికీ వాడకూడదు.

విద్యుత్ మలుపు

నిశ్శబ్దం కోసం సాగిన ఈ అన్వేషణ పెట్రోలు ఇంజనును కూడా దాటింది. విద్యుత్ కారుకు చప్పుడు, పొగ ఉండవని, చార్జింగు చోట్లు ఏర్పడితే అది బాగా పనికొస్తుందని చార్లెస్ రోల్స్ 1900లోనే అభిప్రాయపడ్డాడు. 2023లో సంస్థ తొలి విద్యుత్ కారు స్పెక్టర్ కొనుగోలుదారులకు అందడం మొదలైంది. అందులో 577 అశ్వశక్తి, 900 న్యూటన్ మీటర్ల లాగుడు ఉన్నాయి. బరువు దాదాపు 2,900 కిలోలు. క్రాంక్‌షాఫ్ట్ వణుకును ఆపడానికి రాయిస్ పడ్డ శ్రమ ఈ కారుకు అక్కర్లేదు, ఎందుకంటే దీనికి క్రాంక్‌షాఫ్టే లేదు. బ్యాటరీ వయసు, సాఫ్ట్‌వేరు మద్దతు ఎంతకాలమన్న ప్రశ్నలు మాత్రం ఘోస్ట్‌కన్నా దీనికి ఎక్కువగా వర్తిస్తాయి. సిల్వర్ ఘోస్ట్ తెచ్చుకున్న దీర్ఘాయువును కొత్త తరం కార్లు అందుకోవాలంటే, లోహపు భాగాలతో పాటు చిప్పులను, ప్రోగ్రాములను కూడా దశాబ్దాల తర్వాత బాగుచేయగల ఏర్పాటు ఉండాలి.